స్వాంప్, మార్ష్, బాగ్, ఫెన్: తెలుగులో దేనికి ఏ మాట?

ఇంగ్లీషులో నీళ్లు నిలిచే నేలకు పది పేర్లు. తెలుగులోకి తెచ్చేటప్పుడు మనలో చాలామంది అన్నిటికీ "చిత్తడి నేల" అని రాసేసి ముందుకు వెళ్లిపోతాం. నేనూ ఏళ్లపాటు అదే చేశాను. ఒకసారి ఐర్లండ్ పల్లె జీవితం మీద ఒక వ్యాసం అనువదిస్తూ, కాస్త మార్పు కోసం 'బాగ్' అన్నచోట 'ఊబి' అని పెట్టాను. ఆ వ్యాసంలో తండ్రీకొడుకులు ఎండాకాలంలో దాన్ని సన్నటి పారతో ఇటుకల్లా కోస్తారు, నిలబెట్టి ఆరబెడతారు, చలికాలంలో పొయ్యిలో వేసి కాల్చుకుంటారు. అచ్చయ్యాక ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు: "ఊబిలో కాలు పెడితే దిగిపోతాం కదండీ, దాన్ని ఇటుకల్లా ఎలా కోస్తారు?"

ఆవిడ అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. ఆ నేల ఎలాంటిదో తెలుసుకోకుండానే నిఘంటువులో కనబడ్డ అర్థం పెట్టేశాను. అప్పటి నుంచి ఈ మాటలు ఎదురైనప్పుడల్లా ముందు నేలను ఊహించుకుని, తర్వాతే తెలుగు మాట కోసం వెతుకుతున్నాను. అనువాదకులు, విలేఖరులు, పర్యావరణం సబ్జెక్టు చదివే పోటీ పరీక్షల అభ్యర్థులు, అమెరికాలో స్థలం కొంటున్నవాళ్లు తరచూ ఇక్కడే ఆగిపోతారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

## ముందు ఏం చూడాలి

మొదటిది, అక్కడ ఏం పెరుగుతోంది? చెట్లా, గడ్డీ తుంగా, నాచా? సగం చిక్కు ఈ ఒక్క ప్రశ్నతోనే విడిపోతుంది.

రెండోది, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? ఏరు పొంగి వచ్చాయా, సముద్రపు పోటుకు ఎక్కాయా, భూమిలోంచి ఊరుతున్నాయా, ఆకాశం నుంచి పడ్డవి మాత్రమేనా?

మూడోది, కాలి కింద ఏముంది? ఒండ్రుమట్టి ఒకటి, పీట్ మరొకటి. పీట్ అంటే చచ్చిన మొక్కలు నీళ్లలో గాలి తగలక, పూర్తిగా కుళ్లక, వేల ఏళ్లు పొరలు పొరలుగా పేరుకున్న ముదురు గోధుమరంగు పదార్థం. బొగ్గుకు అది తొలి మెట్టు. కోస్తాలో పెరిగిన మనకు ఒండ్రు తెలుసు, పీట్ తెలియదు. నా 'ఊబి' తప్పు అక్కడే పుట్టింది.

నాలుగోది, రాసిన మనిషి నిజంగా నేల గురించే చెబుతున్నాడా, లేక అప్పుల గురించో యుద్ధం గురించో చెబుతూ నేల మాట వాడుకున్నాడా? రెండోదైతే పై మూడు ప్రశ్నలతో పనిలేదు.

| మాట | ఏం పెరుగుతుంది | నీళ్లు | కాలి కింద | తెలుగులో దగ్గరి మాట |
|---|---|---|---|---|
| స్వాంప్ | చెట్లు, పొదలు | ఏటి పొంగు, సముద్రపు పోటు | ఎక్కువగా ఒండ్రు, బురద | చిత్తడి అడవి. ఉప్పునీటిదైతే మడ అడవి |
| మార్ష్ | గడ్డి, తుంగ, జమ్ము, రెల్లు | ఏరు, సరస్సు, పోటు | ఒండ్రు, బురద | చిత్తడి నేల; ఉత్తరాంధ్రలో బీల, తంపర |
| బాగ్ | స్ఫాగ్నం నాచు | వాన మాత్రమే | పీట్, పుల్లటి (ఆమ్లగుణం ఉన్న) నేల | పీట్ నేల |
| ఫెన్ | తుంగ, గడ్డి, పూలమొక్కలు | భూమిలోని ఊట | పీట్, పులుపు తక్కువ | ఊట చిత్తడి |
| వెట్‌ల్యాండ్ | పైవన్నీ | ఏదైనా | ఏదైనా | చిత్తడి నేలలు |

## స్వాంప్: చెట్లుంటేనే

పర్యావరణ శాస్త్రం రాసేవాళ్లు, ముఖ్యంగా అమెరికన్లు, స్వాంప్ అన్నారంటే చెట్లున్న చిత్తడి అని అర్థం. వర్జీనియా, నార్త్ కరోలినా సరిహద్దులోని గ్రేట్ డిస్మల్ స్వాంప్‌లో దట్టమైన చెట్లు నల్లటి నీళ్లలో నిలబడి ఉంటాయి. బానిసత్వం నుంచి పారిపోయిన నల్లజాతివాళ్లు ఎందరో ఆ చెట్ల మాటున తలదాచుకుని తరాల తరబడి బతికారు. దాన్ని తెలుగులో "బురద నేల" అంటే మనుషులు దాక్కున్న ఆ అడవి పాఠకుడికి కనబడదు. "చిత్తడి అడవి" అంటే కనబడుతుంది.

మన దగ్గర దీనికి మంచి ఉదాహరణ కోరంగి. గోదావరి సముద్రంలో కలిసేచోట, కాకినాడ పక్కన ఉన్న ఆ మడ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. చెక్క వంతెన మీద నడుస్తూ ఆటు సమయంలో కిందికి చూడండి. బురదలోంచి మేకుల్లా వేలకొద్దీ వేళ్లు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు వేళ్లను పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. పోటు వచ్చేసరికి అవన్నీ మునిగిపోతాయి, చెట్లు నీళ్లలో నిలబడ్డట్టు కనిపిస్తాయి. ఇంగ్లీషులో మాంగ్రోవ్ స్వాంప్ అనేది ఇదే. "మడ అడవి" అని రాస్తే చాలు, "మాంగ్రోవ్ చిత్తడి నేలలు" అని సాగదీయనక్కర్లేదు. మన సొంత మాట అంతకంటే బాగా పలుకుతుంది.

మంచినీటి స్వాంప్ కావాలంటే పడమటి కనుమలకు వెళ్లాలి. కేరళ, కర్ణాటక లోయల్లో జాజికాయ కుటుంబానికి చెందిన చెట్లు నీళ్లలో పెరిగే చోట్లున్నాయి. వాటిని మిరిస్టికా స్వాంప్‌లంటారు. వాటి వేళ్లు మోకాళ్లలా వంగి నీటిపైకి లేస్తాయి.

ఒక జాగ్రత్త. బ్రిటన్ వృక్షశాస్త్రజ్ఞులు నిలవ నీటిలో పెరిగే రెల్లు పొదలను కూడా స్వాంప్ అంటారు, అక్కడ చెట్టు ఒక్కటీ లేకపోయినా సరే. కాబట్టి పుస్తకం ఏ దేశంలో రాసిందో ఒకసారి చూసుకోండి.

## మార్ష్: గడ్డి, రెల్లు, పక్షులు

చెట్లు లేకుండా గడ్డి జాతి మొక్కలు పరుచుకుని ఉంటే అది మార్ష్. దక్షిణ ఇరాక్‌లో టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల దిగువన ఉన్నవి ప్రపంచంలో పేరున్న మార్ష్‌లు. అక్కడివాళ్లు రెల్లును కట్టలుగా కట్టి, వంచి, దాంతోనే పెద్ద పెద్ద విడిది ఇళ్లు కడతారు. 1990ల్లో సద్దాం హుస్సేన్ ప్రభుత్వం కాలువలు తవ్వి, కట్టలు వేసి వాటిని ఎండగట్టింది. 2003 తర్వాత ఊళ్లవాళ్లు కట్టలు తెంచి నీళ్లు వదిలారు. 2016లో అవి యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కాయి.

మనకు తెలిసిన దృశ్యం కొల్లేరు. నడిమధ్యలో అది సరస్సు. అంచుల్లో, నీళ్లు తీసిన నెలల్లో, కిక్కిస, జమ్ము, తుంగ కమ్ముకున్నచోట అచ్చమైన మార్ష్. అక్కడ బురదలో కర్ర దించి కదిపితే గుడగుడమని బుడగలు పైకొస్తాయి. ఆ వాయువు మీథేన్. ఇటలీ శాస్త్రవేత్త వోల్టా 1776లో మజోరె సరస్సు ఒడ్డున ఇలాగే బుడగలు పట్టి పరిశీలించాడు. మీథేన్‌కు మార్ష్ గ్యాస్ అనే పేరు అలా నిలిచిపోయింది. దాన్ని "చిత్తడి వాయువు" అనడంలో తప్పు లేదు గానీ, పరీక్షలో మాత్రం మీథేన్ అని రాయండి.

పిల్లలు తినే మార్ష్‌మాలో మిఠాయి పేరు కూడా ఇక్కడిదే. మార్ష్‌లలో పెరిగే మాలో అనే మొక్క వేరులోని జిగురుతో ఒకప్పుడు దాన్ని చేసేవారు.

స్వాంప్‌కీ మార్ష్‌కీ మధ్య తడబడేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. స్థలాల పేర్లు శాస్త్రం ప్రకారం పెట్టినవి కావు. శ్రీకాకుళం జిల్లాలో నౌపడ స్వాంప్ అని ఇంగ్లీషులో రాస్తారు. అక్కడికి వెళ్తే కనబడేది అడవి కాదు. గడ్డి, పొలాలు, ఉప్పు మడులు, వాటి మధ్య నీళ్లు. పై లెక్క ప్రకారం అది మార్ష్. దగ్గర్లోని తేలినీలాపురంలో చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు మేతకు ఆధారపడేది ఇలాంటి నీటి నేలల మీదే. ఇంగ్లీషు పేరులో స్వాంప్ ఉంది కదా అని "నౌపడ చిత్తడి అడవి" అని రాస్తే, లేని అడవిని మనం అక్కడ నాటినట్టే. అక్కడి జనం దాన్ని తంపర అంటారు.

## బాగ్, ఫెన్: పీట్ మీద పుట్టినవి

ఈ రెండూ ప్రధానంగా చలి దేశాలవి. అందుకే తెలుగులో వీటికి సొంత పేర్లు లేవు. ఎందుకు లేవా అని బాధపడక్కర్లేదు. లేనప్పుడు వివరంగా చెప్పడమే మంచిది.

బాగ్‌కు వాన తప్ప వేరే నీరు అందదు. వాన నీటిలో లవణాలు దాదాపు ఉండవు. అందులో స్ఫాగ్నం అనే నాచు తప్ప పెద్దగా ఏవీ నిలదొక్కుకోలేవు. ఆ నాచు తన బరువుకు ఎన్నో రెట్ల నీళ్లు పట్టి ఉంచుకుని, నేలను పుల్లగా మార్చేస్తుంది. పులుపు, చలి, గాలి లేకపోవడం, ఈ మూడూ కలిసి కుళ్లడాన్ని ఆపేస్తాయి. 1950లో డెన్మార్క్‌లో పీట్ కోస్తున్నవాళ్లకు ఒక శవం దొరికింది. ఎవరో ఈమధ్యే హత్య చేసి పూడ్చారనుకుని పోలీసులకు కబురు పెట్టారు. చూస్తే ఆ మనిషి దాదాపు 2,400 ఏళ్ల నాటివాడు. నుదుటి మీద ముడతలు, గడ్డం మీద మొలకల్లాంటి వెంట్రుకలు, మెడకు తాడు అన్నీ అలాగే ఉన్నాయి. టొలుండ్ మనిషి అని పేరు పెట్టారు. బాగ్‌ను ఊబి అంటే ఈ కథ అర్థం కాదు. ఊబి మింగేస్తుంది. బాగ్ దాచిపెడుతుంది కూడా.

మరి ఏం రాయాలి? మొదటిసారి వచ్చినప్పుడు "వాననీటితో బతికే నాచు నేల, అడుగున మందపాటి పీట్" అని ఒక్క వాక్యంలో చెప్పేయండి. ఆ తర్వాత "పీట్ నేల" లేదా "బాగ్" అని వాడుకోవచ్చు. నా ఐర్లండ్ వ్యాసం పుస్తకంలో చేరినప్పుడు అలాగే మార్చాను. బ్రిటిష్ వాడుక మాటల్లో బాగ్ అంటే మరుగుదొడ్డి అని కూడా అర్థముంది. సంభాషణల్లో ఎదురైతే సందర్భం చూసుకోవాలి.

ఫెన్‌లోనూ పీట్ ఉంటుంది. నీరు మాత్రం భూమిలోంచి ఊరి వస్తుంది, వస్తూ వస్తూ లవణాలు తెస్తుంది. కాబట్టి మొక్కలు ఎక్కువ, పులుపు తక్కువ. ఇంగ్లండ్ తూర్పు భాగంలో 'ద ఫెన్స్' అని పెద్ద ప్రాంతమే ఉంది. 17వ శతాబ్దంలో డచ్ ఇంజనీరు కార్నేలియస్ వెర్మాయిడెన్ ఆధ్వర్యంలో కాలువలు తవ్వి అక్కడి నీళ్లు తోడి పొలాలు చేశారు. నీళ్లు పోయాక పీట్ ఎండి కుంగిపోవడం మొదలైంది. 1851లో హోమ్ అనే చోట ఒక ఇనప స్తంభాన్ని పై కొస నేలమట్టానికి వచ్చేలా పాతారు. ఇప్పుడది నేలకు దాదాపు 4 మీటర్ల ఎత్తున నిలబడి ఉంది. స్తంభం ఉన్నచోటే ఉంది, చుట్టూ ఊరి నేలే కిందికి దిగిపోయింది. ఇంత కథ ఉన్న మాటను అనువాదంలో "బురద" అని తేల్చేయడం నాకు మనసొప్పదు. సాధారణ పాఠకుడికి "ఊట చిత్తడి" చాలు. ఇంగ్లండ్ ప్రాంతం పేరైతే ఫెన్స్ అనే ఉంచాలి.

పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు ఒక్క గుర్తు: బాగ్‌కు వాన, ఫెన్‌కు ఊట. రెండిటికీ కలిపి శాస్త్రవేత్తలు మైర్ అంటారు.

## మనుషుల గొడవలకు వాడినప్పుడు

ఇక్కడ మాత్రం తెలుగు ఇంగ్లీషుకు ఏమాత్రం తీసిపోదు.

ఆఫీసులో "అయామ్ స్వాంప్డ్" అంటారు. పని వెల్లువలా మీద పడిందని భావం. తెలుగులో "తలమునకలుగా ఉన్నాను" అంటాం. అక్కడా నీళ్లే, ఇక్కడా నీళ్లే. "చిత్తడైపోయాను" అని ఎవరూ అనరు. పడవ గురించి స్వాంప్డ్ అంటే మాత్రం నీళ్లు నిండి మునిగిందని అర్థం.

"బాగ్డ్ డౌన్" అన్నదానికి మనకు దిగబడటం ఉంది. బండి బురదలో దిగబడినట్టు చర్చ చిన్న చిన్న విషయాల్లో దిగబడింది అంటే సరిగ్గా సరిపోతుంది.

క్వాగ్‌మైర్ వచ్చినప్పుడు మొహమాటం లేకుండా ఊబి వాడండి. అప్పుల ఊబి అని మన పత్రికలు రోజూ రాసేదే. వియత్నాం యుద్ధాన్ని అమెరికన్లు క్వాగ్‌మైర్ అన్నది ఈ అర్థంలోనే, కదిలినకొద్దీ లోపలికి పోవడం. మొరాస్ కూడా ఇదే వరసది.

"మైర్డ్ ఇన్ కాంట్రవర్సీ" అంటే వివాదాల రొంపి. "నన్నీ రొంపిలోకి లాగకు" అనేటప్పుడు మనం పలికే చిరాకంతా ఆ ఇంగ్లీషు మాటలోనూ ఉంది.

"డ్రెయిన్ ద స్వాంప్" అని అమెరికా రాజకీయాల్లో 2016 ఎన్నికల్లో బాగా వినబడింది. మురికి గుంట ఎండగడితే దోమలు పోతాయన్న పాత ఆలోచన నుంచి వచ్చిన నినాదం. వార్తలో "వ్యవస్థను ప్రక్షాళన చేస్తాం" అంటే అర్థం అందుతుంది. ఎండగట్టిన స్వాంప్‌లో దోమలతో పాటు ఇంకేం పోయాయో ఆ నినాదం చెప్పదు.

## వెట్‌ల్యాండ్: అన్నిటికంటే జాగ్రత్తగా వాడాల్సింది

స్వాంప్, బాగ్, మైర్ అన్నీ ఇంగ్లీషులో తిట్లలా వినబడే మాటలు. ఆ చెడ్డపేరు తగలని మాట వెట్‌ల్యాండ్. 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రాంసర్ పట్టణంలో కుదిరిన ఒప్పందంతో అది ప్రపంచమంతా స్థిరపడింది. ఆ నిర్వచనం చాలా విశాలం. సహజమైనా మనుషులు చేసినా, నీళ్లు ఎప్పుడూ ఉన్నా కొన్నాళ్లే ఉన్నా, పారుతున్నా నిలిచినా, మంచినీరైనా ఉప్పునీరైనా, ఆటు సమయంలో 6 మీటర్ల లోతు దాటని సముద్రపు నీటితో సహా అన్నీ వస్తాయి. వరి పొలాలు కూడా మనుషులు చేసిన వెట్‌ల్యాండ్ల కిందికే వస్తాయి. కొల్లేరు 2002లో రాంసర్ జాబితాలో చేరింది.

మన దేశ నిబంధనల్లో ఇదే మాట చిక్కిపోతుంది. 2017లో కేంద్రం తెచ్చిన వెట్‌ల్యాండ్స్ నిబంధనలు నదీ ప్రవాహాలను, వరి పొలాలను, తాగునీటికి, చేపల పెంపకానికి, ఉప్పు తయారీకి, విహారానికి, సాగునీటికి ప్రత్యేకంగా కట్టిన జలాశయాలను పక్కన పెట్టాయి. మన ఊరి చెరువుల్లో చాలావరకు సాగు కోసం కట్టినవే. రాంసర్ లెక్కలో వెట్‌ల్యాండ్ అయిన చెరువు ఇక్కడి నిబంధనల్లో కాకుండా పోవచ్చు. చెరువు ఆక్రమణ మీద వార్త రాసే విలేఖరి ఏ నిర్వచనం ప్రకారమో చెప్పకుండా "వెట్‌ల్యాండ్" అని రాస్తే, అవతలి లాయరుకు పని సులువైపోతుంది.

మూడో అర్థం మన రెవెన్యూ కాగితాల్లో ఉంది. అక్కడ 'వెట్ ల్యాండ్' అంటే నీటి వసతి ఉన్న సాగుభూమి. ఆంధ్రలో మాగాణి, తెలంగాణ పహాణీల్లో తరి. దీనికి ఎదురు మెట్ట, ఖుష్కి. కాబట్టి దస్తావేజులో 'వెట్' అని ఉంటే కంగారుపడి చిత్తడి నేలేమో అనుకోవద్దు. పర్యావరణ వ్యాసంలోని వెట్‌ల్యాండ్‌ను "మాగాణి" అనీ అనువదించవద్దు. నేను రెండు తప్పులూ అచ్చులో చూశాను.

ఇది భాషకు పరిమితమైన గొడవైతే ఇంత పట్టుబట్టను. సోంపేట దగ్గర బీల ఉంది. చుట్టుపక్కల ఊళ్లకు సాగునీరు, చేపలు, పశువులకు మేత అందులోంచే. థర్మల్ కేంద్రం ప్రతిపాదన వచ్చినప్పుడు కాగితాల్లో అది పనికిరాని భూమి అయింది. 2010 జూలై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్రాజెక్టు అనుమతిని కొట్టేసింది. కాకరాపల్లి తంపర దగ్గర 2011 ఫిబ్రవరిలో మళ్లీ కాల్పులు. "బంజరు", "బీడు", "బురద నేల" అని రాసేటప్పుడు నా చేయి ఆగేది ఇందుకే. బీలను బీల అని రాస్తే అందులో నీళ్లు, చేపలు, మనుషులు ఉన్నారని ఆ మాటే చెబుతుంది.

## ఎవరికి ఏది

కథ, నవల అనువదించేవాళ్లు శాస్త్రం కంటే దృశ్యానికి విలువివ్వాలి. చెట్లుంటే అడవి అన్న మాట తప్పకుండా రావాలి. గడ్డి ఉంటే తుంగో రెల్లో కనబడాలి. పాత్ర కాలు దిగబడుతుంటే ఊబి, అడుసు, రొంపి ఎంచక్కా పనికొస్తాయి. ఒకే పేజీలో స్వాంప్, మార్ష్ రెండూ వస్తే రెండిటికీ ఒకే తెలుగు మాట పెట్టకండి. రచయిత వేరు చేశాడంటే దానికో కారణముంటుంది.

విలేఖరులకు నా సలహా, స్థానిక పేరు ముందు, శాస్త్రం పేరు తర్వాత. "సోంపేట బీల అనే చిత్తడి నేల" అంటే ఊరివాళ్లకూ హైదరాబాద్‌లో చదివేవాళ్లకూ ఇద్దరికీ అందుతుంది.

పరీక్షలు రాసేవాళ్లకు "చిత్తడి నేలలు" అనే పాఠ్యపుస్తకాల మాటే క్షేమం. మిగతావాటిని ఇంగ్లీషు పేర్లతోనే తెలుగు లిపిలో రాసి, పక్కన ఒక లక్షణం చేర్చండి.

అమెరికాలో ఇల్లు కట్టుకోవాలని స్థలం చూస్తున్నవాళ్లకు విషయం వేరు. స్థలం వివరాల్లో 'వెట్‌ల్యాండ్స్' అని కనబడితే అది చట్టపరమైన మాట. ఆ భాగం పూడ్చాలన్నా కట్టాలన్నా అనుమతి కావాల్సి రావచ్చు. బయానా ఇవ్వకముందే సర్వే అడగండి. ఎండాకాలంలో చూసి పొడిగానే ఉంది కదా అనుకోవద్దు, కొన్నాళ్లే నీళ్లుండే నేల కూడా లెక్కలోకి రావచ్చు. హ్యూస్టన్ వైపు వాళ్లు వినే బయూ మాత్రం చిత్తడి నేల కాదు, నెమ్మదిగా పారే ఏటి పాయ. 2017లో హార్వీ తుపాను అప్పుడు ఆ పాయలు పొంగే ఊళ్లోకి నీళ్లొచ్చాయి. బయూ పక్కన ఇల్లంటే ఏటి పక్కన ఇల్లని అర్థం చేసుకోవాలి.

ఇక నౌపడ సంగతి. ఇంగ్లీషులో ఆ పేరు ఎలా ఉన్నా, తెలుగులో నేను "నౌపడ తంపర" అని రాస్తున్నాను. తెలియని పాఠకులుంటారని పక్కనే "ఉప్పునీరు, మంచినీరు కలిసే గడ్డి చిత్తడి" అని ఒకసారి చేరుస్తాను. రెండోసారి నుంచి తంపర ఒక్కటే చాలు.